పదిహేడో నంబరు గురించి

అక్టోబరు 27, గురువారం. జొహర్ నమాజు తర్వాత, మధ్యాహ్నం ఒంటిగంట. మొదటి అంతస్తు, మీటింగ్ గది.
హాజరు: డీన్ గారు. రిజిస్ట్రార్. ల్యాబ్ డిప్లొమా సీనియర్ లెక్చరర్. మా విభాగం సహాయకురాలు. నేను.
రానివారు: లేరు.
పరిశీలించిన ఫైళ్ళు: ఇరవై రెండు. ఆమోదించినవి: ఇరవై ఒకటి.

ఆ రోజు డైరీలో ఇంతే ఉంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజుకు ఒక పేజీ తప్పకుండా నింపే అలవాటు నాది. ఏమీ జరగని రోజున కూడా ఎండ ఎంత ఉందో, బస్సు ఎన్నింటికి వచ్చిందో రాస్తాను. ఆ రోజు మాత్రం ఇంత రాసి పెన్ను మూశాను. కింద పేజీ అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఉండాల్సిన సంగతి ఇది. విద్యార్థుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదివితే మేలని రాస్తున్నాను. నేర్పడానికేమీ లేదు. నేను తప్పిన చోటు చూపిస్తాను, అంతే.

ఒమన్‌లో ఇబ్రా అనే ఊళ్ళో, రెండేళ్ళ డిప్లొమాలు చెప్పే ఒక ప్రైవేటు కాలేజీలో నేను మొదట లెక్కల లెక్చరర్‌ని. తర్వాత విద్యార్థి సహాయ విభాగాన్ని నా చేతిలో పెట్టారు. అది మరీ పెద్ద పదవేమీ కాదు. ఒక గది, రెండు బీరువాలు, ఒక సహాయకురాలు. కానీ వచ్చేవాళ్ళు రకరకాలు. పల్లెల నుంచి తెల్లవారకముందే బస్సెక్కే ఆడపిల్లలు, పెళ్ళై ఒడిలో బిడ్డతో చదువుకునేవాళ్ళు, పగలు డ్యూటీ చేసి సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే మగవాళ్ళు, కొద్దిమంది మనలాంటి పరాయిదేశస్థుల పిల్లలు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా, చదువు ఆగిపోకుండా చూడటం మా పని. నా గది తలుపు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ 'అందరికీ సమాన న్యాయం' అని రాయించిన పలక ఉండేది. రాయించింది నేనే.

ఆ సమాన న్యాయం కోసం నేను ఒక పద్ధతి కనిపెట్టాను. ఒమానీల పేరు చివర తెగ పేరు వస్తుంది. అది చూడగానే పిల్లవాడిది ఏ ఊరు, ఎవరి మనిషి అన్నది తెలిసిపోతుంది. మనలాంటి పరాయివాళ్ళ పిల్లల పేర్లు చూస్తే దేశం, మతం తెలిసిపోతాయి. అందుకని కమిటీ ముందుకు వచ్చే ఫైళ్ళ మీద పేర్లు తీసేసి నంబర్లు వేశాను. తొమ్మిదో నంబరు విద్యార్థి, పద్నాలుగో నంబరు విద్యార్థిని, అంతే. కాగితాలు ఏం చెబితే అదే. మాటసాయాలు లేవు, సిఫార్సులు లేవు. డీన్ గారు మెచ్చుకున్నారు. మరో కాలేజీవాళ్ళు వచ్చి చూసి, నమూనా పట్టుకెళ్ళారు. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను.

ఇంకొక చిన్న సంగతి చెప్పాలి. దాని బరువు తర్వాత తెలుస్తుంది. ఈ నంబర్ల పద్ధతికి ముందు, ఒక తెలుగు డ్రైవరు కొడుకుని పొద్దుటి బ్యాచ్ నుంచి సాయంత్రం బ్యాచ్‌కి మార్చాను. న్యాయంగానే మార్చాను. తండ్రికి ఒంట్లో బాగాలేక ఆ అబ్బాయే పగలు పనికి వెళ్తున్నాడు. ఆ వారం టీ దగ్గర మా రిజిస్ట్రార్, త్రిశూర్ మనిషి, కప్పు ఊదుకుంటూ హిందీలో అన్నాడు: "క్యా సార్, మీ ఆంధ్రా కోటా మొదలైందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఆ మాటని టీ తాగడం అయ్యేలోపే మరిచిపోయి ఉంటాడు. నేను డైరీలో రాసుకున్నాను. రాసుకున్నవి ఊరికే ఉండవు. ఆ తర్వాత తెలుగు పేరున్న దరఖాస్తు ఏది వచ్చినా రెండుసార్లు చదివేవాణ్ణి. సాయం చేయడానికి కాదు, ఏ లోపం ఉందో వెతకడానికి. దానికి నిష్పక్షపాతం అని పేరు పెట్టుకున్నాను.

అక్టోబరు 25, మంగళవారం ఉదయం ఒకావిడ నా గదికి వచ్చింది. ఊళ్ళో ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. గోదావరి జిల్లా మనిషి. భర్త మస్కట్ దగ్గర రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్, వారాంతాల్లో వచ్చి పోతాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం మీద శాలువా కప్పుకుని ఉంది. ఆవిడ కూతురు మా దగ్గర ల్యాబ్ డిప్లొమా మొదటి ఏడాది. అంతకుముందు వారం జరిగిన మిడ్‌టర్మ్‌లో ముఖ్యమైన ప్రాక్టికల్‌కి హాజరు కాలేదు. తిరిగి రాయడానికి దరఖాస్తు పెట్టింది కానీ కారణం దగ్గర 'అనారోగ్యం' అన్న ఒక్క మాటే ఉంది. డాక్టరు కాగితం లేదు. అది లేకపోతే మళ్ళీ పరీక్ష లేదు. ఆ ప్రాక్టికల్ లేకపోతే ఆ కోర్సులో ఆ ఏడాది లేదు.

"కాగితం తేవడం మీకేం కష్టమమ్మా, మీరు ఆసుపత్రిలోనే కదా పని చేసేది," అన్నాను.

"అదేనండి వచ్చిన చిక్కు," అంది. తలుపు వైపు చూసి, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "పిల్లకి ఫిట్స్ వస్తాయి సార్. ఎనిమిదో క్లాసు నుంచీ. మందులు మా చెల్లెలు ఊరి నుంచి పంపుద్ది. ఇక్కడ ఎక్కడా చూపించలేదు. రెండేళ్ళుగా రాలేదు కూడా. పోయిందనే అనుకున్నాం. ఆ రోజు నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి బాత్రూం ముందు పడి ఉందండి. నాలిక కొరికేసుకుంది. మంచమ్మీద పడుకోబెడితే మధ్యాహ్నం దాకా లేవలేదు. పరీక్ష ఎలా రాస్తాదండి?"

"మరి ఇక్కడి డాక్టరుకు చూపించి..."

"చూపిస్తే కంప్యూటర్‌లో ఎక్కుద్ది. మా ఆసుపత్రిలో సగం మంది మనవాళ్ళే. ఒకళ్ళకి తెలిస్తే శుక్రవారం చర్చిలో ప్రార్థనకల్లా అందరికీ తెలుసుద్ది. ఆళ్ళ సంగతి పోనీండి. రేపు ఫిట్స్ ఉన్న పిల్లకి ల్యాబులో ఉద్యోగం ఎవరిస్తారు సార్? దానికి ఆ మైక్రోస్కోపు ముందు కూర్చోవడం తప్ప వేరే ధ్యాస లేదు. మీ రిజిస్టర్‌లో రాయమన్నా రాయనంది. 'అమ్మా, ఎవరికైనా చెప్పావంటే నేను కాలేజీకే వెళ్ళను' అంది. మీ దగ్గరికి వచ్చినట్టు కూడా దానికి తెలీదు."

నేను ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుతూ ఉన్నాను. ఆవిడే మళ్ళీ అంది: "జబ్బు పేరు చెప్పొద్దండి. 'ఆ పిల్ల ఆ రోజు నిజంగానే లేవలేని స్థితిలో ఉంది, నాకు తెలుసు' అని మాటగా ఒక్క ముక్క చెప్పండి సార్. చాలు. మీరంటే వాళ్ళు నమ్ముతారు."

"కమిటీలో మాటలు చెల్లవమ్మా. నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. కాగితం లేనిదే ఎవరికీ ఏమీ చేయలేం. పైగా..." అని ఆగాను. పైగా మనం ఒకే భాషవాళ్ళం అనబోయాను.

"పైగా ఏంటండి?"

"ఏం లేదు. ప్రయత్నిస్తాను."

ప్రయత్నిస్తాను అన్న మాట నేను ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు వాడానో లెక్క లేదు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆవిడ మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంది. లేచి నమస్కారం పెట్టి, శాలువాతో ముఖం తుడుచుకుని వెళ్ళింది. బయట బల్ల దగ్గర కూర్చున్న మా సహాయకురాలు ఆమెకు నీళ్ళు ఇవ్వడం తలుపు సందులోంచి కనిపించింది. ఆ అమ్మాయి ఇబ్రా మనిషే. ఉద్యోగంలో చేరి రెండేళ్ళైంది. మా తెలుగు ఆమెకు అర్థం కాదు. కన్నీళ్ళు ఏ భాషలోనైనా అర్థమవుతాయి కదా.

సాయంత్రం ఇంట్లో నా భార్యకు చెప్పాను. మాది అనంతపురం వైపు. ఆమె మాట తీరు ఎన్నేళ్ళు ఎక్కడున్నా మారలేదు.

"ఒగ మాట చెప్పమన్నె గదా ఆ యమ్మ. చెప్తే నీ నోరు అరిగిపోతాదా?"

"అలా చెప్పకూడదనే కదా నేను నంబర్లు పెట్టింది."

"నంబర్లు పెట్టినావు సరే. ఆ నంబరు వెనకాల పిల్ల ఉంది గదా."

"రేపు ఎవరైనా మన వాళ్ళని చూశానంటే?"

"ఓ, అదా సంగతి," అంది. పప్పులో తాలింపు వేసి, మూత పెట్టేసింది. "న్యాయం అని చెప్తాండావు గానీ, నీకు ఉండేది భయం."

నాకు కోపం వచ్చింది. అది కూడా రాసుకున్నాను.

గురువారం మీటింగ్‌కి వస్తాను. మళ్ళీ పెట్టే పరీక్ష ఆదివారం ఉదయం ఎనిమిదింటికి. ఎవరు రాయవచ్చన్న జాబితా మీద ఆ మధ్యాహ్నమే డీన్ సంతకం పడాలి. బల్ల మీద ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఉన్నాయి. నేను నంబర్లు చదువుతున్నాను, సహాయకురాలు రాసుకుంటోంది. మొదటి ఎనిమిది ఫైళ్ళు కాగితాలతో నిండుగా ఉన్నాయి. తొమ్మిదో నంబరుకి ఏ కాగితమూ లేదు.

"కారణం: కుటుంబంలో మరణం. ధ్రువపత్రం జత చేయలేదు," అని చదివాను.

ల్యాబ్ లెక్చరర్ సుడాన్ ఆయన. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఖర్జూరం గింజ పళ్ళెంలో పెట్టి, "ఈ తొమ్మిది ఎవరో నాకు తెలుసు," అన్నాడు. "వాళ్ళ తాత పోయాడు. వల్లాహి, నేను జనాజా నమాజుకి వెళ్ళాను. ఆ కుర్రాడు మూడు రోజులు వచ్చినవాళ్ళకి కాఫీ పోస్తూనే ఉన్నాడు."

"అల్లాహ్ ఆయనను కరుణించాలి," అన్నారు డీన్. "ఇవ్వండి."

నేను కళ్ళద్దాలు సర్దుకుని ఆమోదం అని చెప్పాను. నా నియమం ప్రకారం అప్పుడే అభ్యంతరం చెప్పాలి. చనిపోయిన పెద్దమనిషి విషయంలో అభ్యంతరం బాగుండదు కదా అనుకున్నాను.

పద్నాలుగో నంబరుకి కూడా కాగితం సరిగా లేదు. రిజిస్ట్రార్ నవ్వాడు. "ఆ అమ్మాయిది మా బిల్డింగే సార్. కింద ఫ్లోర్. బిడ్డ పుట్టి పది రోజులైంది. రాత్రుళ్ళు బిడ్డ ఏడుపు నాకూ నిద్ర లేకుండా చేస్తోంది. ఇంతకంటే సాక్ష్యం కావాలా?" అందరూ నవ్వారు. ఆమోదం.

పదిహేడు.

"ప్రాక్టికల్‌కి గైర్హాజరు. కారణం: అనారోగ్యం. వైద్య ధ్రువపత్రం జత చేయలేదు."

సుడాన్ లెక్చరర్ నుదురు చిట్లించాడు. "నా క్లాసులో ఆ రోజు రానివాళ్ళు ముగ్గురు. ఇది ఎవరో తెలియదు. మంచి విద్యార్థే అయి ఉంటుంది, ముగ్గురూ మంచివాళ్ళే." ఏసీ చప్పుడు వినిపిస్తోంది. మా సహాయకురాలు పెన్ను పైకెత్తి, అందరినీ కాకుండా నన్నే చూస్తూ అడిగింది: "పదిహేడో నంబరు గురించి ఎవరికైనా ఏమైనా తెలుసా?"

ఆ ప్రశ్న ఆమె నాకోసమే అడిగింది. నాకు తలుపు తీసి పట్టుకుంది. 'నాకు తెలుసు, ఆ అమ్మాయి ఆ రోజు లేవలేని స్థితిలో ఉంది' అంటే సరిపోయేది. జబ్బు పేరు కూడా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తాత చావునూ బిడ్డ ఏడుపునూ నమ్మినవాళ్ళు నన్ను నమ్మరా? ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆ తల్లి కాదు, టీ కప్పు ఊదుకుంటున్న రిజిస్ట్రార్ ముఖం. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఫైల్లో ఉన్నదే మనకు తెలిసింది," అన్నాను.

"అయితే కాగితం లేదు," అన్నారు డీన్. "లేనట్టే."

పద్దెనిమిదికి వెళ్ళాం.

మీటింగ్ అయ్యాక మెట్లు దిగుతుంటే సహాయకురాలు వెనకే వచ్చింది. "ఉస్తాద్, ఆ అమ్మ మంగళవారం మీ గదిలో చాలాసేపు కూర్చుంది."

"నియమం అందరికీ ఒక్కటే కదమ్మా."

"తొమ్మిదికి?" అంది. మర్యాదగానే అంది. ఆమె ఫైళ్ళు గుండెలకు హత్తుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే నాకు తెలిసింది ఇది. నంబర్లు వేసిన మొదటి రోజు నుంచీ ఆ గదిలో వాళ్ళకు చాలా నంబర్ల వెనక ఎవరున్నారో తెలుసు. చిన్న ఊరు, చిన్న కాలేజీ. ఎవరి పిల్లల కోసం వాళ్ళు ఒక మాట చెబుతూనే ఉన్నారు. అందులో తప్పేమీ లేదు కూడా. అడిగే మనిషి ఉండటమే ఆ పిల్లలకు సాయం. నా పద్ధతిని నిజంగా పాటించినవాణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల అడిగే మనిషి లేకుండా పోయింది ఒక్క పిల్లకే. సమానంగా చూడటం అంటే మనవాళ్ళని మరో మెట్టు కింద నిలబెట్టడం అనుకున్నాను. ఎవరూ వేయని నిందకి నేనే ముందుగా జరిమానా కట్టాను. కట్టింది నా జేబులోంచి కాదు.

ఆ తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వాటితో ముగించడం నాకు ఇష్టం లేదు. శుక్రవారం, శనివారం కూర్చుని డీన్ గారికి ఒక ఉత్తరం రాశాను. జబ్బు పేరు బయటపెట్టకుండా, నా పొరపాటు ఒప్పుకుంటూ, పదిహేడో నంబరుకి అవకాశం ఇవ్వమని. మూడు చిత్తుప్రతులు. మాటలు మరీ ఎక్కువయ్యాయని ఒకటి, తక్కువయ్యాయని ఒకటి చించేశాను. ఆదివారం తొమ్మిదింటికి డీన్ గారు రాగానే చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివారు. గోడ గడియారం చూశారు. పరీక్ష మొదలై గంటైంది. "ఫోన్ చేయవచ్చు కదా," అన్నారు. "మీ దగ్గర నా నంబరు ఉంది."

పద్ధతిగా బతికినవాడికి ఫోన్ చేయాలన్న ఆలోచనే రాలేదు. మరి తోచదు కదా, ఉత్తరం ఉండగా.

ఆ అమ్మాయి కోర్సు మానేసింది. జనవరిలో తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంటికి వెళ్ళి వేరే డిగ్రీలో చేరిందని విన్నాను. ఇప్పుడు ఏదో ఆఫీసులో పని చేస్తోందట. బాగానే ఉందన్నారు. ఆ మాటతో నేను ఊరట పొందడం సరికాదు. ఆమె కావాలనుకున్నది ఆఫీసు కాదు. నేను రిటైరయ్యాక నా కుర్చీలో మా సహాయకురాలు కూర్చుంది. ముందుగా ఆమె చేసిన పని నంబర్లు తీసేయడం. ఇప్పుడు ప్రతి ఫైలుకూ ఆ విద్యార్థి తరఫున మాట్లాడే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలట. ఎవరూ లేకపోతే తానే వెళ్ళి కనుక్కుని వచ్చి మాట్లాడుతుందట. ఫోన్‌లో ఆమే చెప్పింది. ఎందుకు మార్చిందో మాత్రం చెప్పలేదు. అది ఆమె మర్యాద.

ఇక మర్నాటి ఉదయం.

అక్టోబరు 28, శుక్రవారం. ఆరున్నర అవుతోంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, మస్కట్‌లో చర్చి ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు ఆ వేళకే బయల్దేరతారు. కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే తల్లీ కూతురూ ఉన్నారు. తల్లి తెల్లచీర కట్టుకుంది. కూతురు చేతిలో బైబిలు సంచి. కింద కారు ఇంజను ఆన్ చేసే ఉంది, తండ్రి స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉన్నట్టున్నాడు.

"కూర్చోమ్మా," అన్నాను.

"లేదండి, లేటవుద్ది. నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది సార్. కాలేదని," అంది తల్లి. గొంతు నిబ్బరంగానే ఉంది. "దేవుడి చిత్తం. మీరు చెప్పే ఉంటారు. ఆళ్ళు వినుండరు. పరాయి దేశం, మన మాట ఎంతవరకు చెల్లుద్దండి. అయినా మా కోసం నోరు తెరిచారు, అది చాలు. అది చెప్పిపోదామనే ఆగాం."

నా వెనకాల నా భార్య కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడింది. నేను అవును అని తలూపలేదు, కాదని కూడా చెప్పలేదు. అలా నిలబడితే ఆ మాట నా మీదుగా దాటిపోతుందనుకున్నాను.

అప్పుడు అమ్మాయి తల్లి భుజం వెనక నుంచి ముందుకు వచ్చింది. సన్నగా, కళ్ళ కింద నల్లగా ఉంది.

"అంకుల్, ఒకటి అడగనా? అమ్మ మీ దగ్గరికొచ్చి చెప్పేసిందట. నిన్న మెసేజ్ వచ్చాక చెప్పింది నాకు. మీటింగ్‌లో నా గురించి చెప్పారా? మా ల్యాబ్ సార్ కూడా ఉన్నారంట కదా. ఆయనకి తెలిసిపోయిందా?"

పరీక్ష పోయిందన్న బాధ ఆ ముఖంలో ఎక్కడో వెనక ఉంది. ముందున్నది ఈ భయం. నేను చెప్పగలిగిన నిజం ఒక్కటే, అది ఆ పిల్లకు కావాల్సింది కూడా.

"లేదమ్మా," అన్నాను. "నీ గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు."

"నిజంగానా?"

"నిజంగా. ఎవరికీ ఏమీ తెలియదు."

ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. "థ్యాంక్స్ అంకుల్. రాత్రంతా నిద్ర లేదు నాకు."

తల్లి నన్నే చూస్తోంది. ఆవిడ కోపంగా చూడలేదు. డ్యూటీలో చార్టు చదివేటప్పుడు నర్సులు చూసినట్టు, ఒక్కొక్క గీతా చూస్తున్నట్టు చూసింది.

"ఒక్క మాట కూడానా సార్?" అంది.

నా భార్య గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కింద కారు హారన్ మోగింది. "పదమ్మా, నాన్న పిలుస్తున్నారు," అని తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు తిప్పింది. ఆవిడ వెనక్కి చూడలేదు. అమ్మాయి మాత్రం మెట్ల మలుపులో ఆగి, నాకేసి చూసి నవ్వి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.